సేటు దుకాణానికి వచ్చిన పేరు లేని ఫోను

మొయినాబాద్ చుట్టూ జొన్నచేలకు ఎన్‌క్లేవులనీ కౌంటీలనీ కొత్త పేర్లు పెడుతున్న రోజుల్లో నేను మనుషుల పేర్లు కొట్టేసే ఉద్యోగంలో చేరాను. చేలకు పేర్లు పెట్టినవాళ్లు కార్లు కొన్నారు. పేర్లు కొట్టేసిన నేను మొయినాబాద్‌లో ఒక కిరాయి గదిలో ఉంటూ, రోజూ మెహదీపట్నం బస్సులో కడ్డీ పట్టుకొని నిలబడ్డాను. ఐటీ బూమ్ ఊరందరికీ వచ్చింది. నా దాకా వచ్చేసరికి బూమ్ అయిపోయి, ఐటీ కూడా అడుగున కొంచెమే మిగిలింది.

మాదాపూర్‌లో నాలుగో అంతస్తు మా ఆఫీసు. మందు వాడిన మనిషికి అనుకోని ఇబ్బంది ఏదైనా వస్తే, ఆ సంగతి కంపెనీ వెబ్‌సైటులో ఒక ఫారంలో నింపి పంపుతారు. అది మా దగ్గరికి వస్తుంది. రోగి, చెప్పినవాడు, మందు, వచ్చిన ఇబ్బంది, ఈ నాలుగూ ఉంటేనే అది రిపోర్టు. ఆ రోగి ఎవరో లోకానికి తెలియకుండా చూడటం నా పని. పేరు తీసేసి రెండు పొడి అక్షరాలు ఉంచేవాణ్ని. పుట్టిన తేదీ తీసేసి వయసు రాసేవాణ్ని. ఊరు తీసేసి దేశం రాసేవాణ్ని. నా చేతిలో పడిన మనిషి సన్యాసం తీసుకున్నట్టే. పేరూ ఊరూ వదిలేసి, జబ్బు ఒక్కటే వెంట తీసుకొని బయటపడేవాడు.

ఇదంతా మా ఇంటి ఓనరుకు చెప్పడం నా వల్ల కాలేదు. "మందుల కంపెనీ పని" అన్నాను. ఆయన ఆ 'ల' వినిపించుకోలేదు. దసరాకు రెండు సీసాలు అడిగాడు.

ఆఫీసులో మాత్రం నాకు ఒక గౌరవం ఉండేది. నన్ను పొగిడితే తన పని తగ్గుతుందని మా సూపర్‌వైజరమ్మ మొదటి నెలలోనే కనిపెట్టింది. రోగులకు ఫోను చేసి మిగతా వివరాలు అడిగేటప్పుడు ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అనే నియమాలు రాయాల్సి వచ్చినప్పుడు, "నువ్వు రాస్తేనే బాగుంటుంది" అని ఒక్క మాట అంది. పదకొండు పేజీలు రాశాను. మొదటి పేజీ మొదటి నియమం: ఫోను ఎత్తింది రోగే అని తేలేదాకా రోగి పేరు చెప్పరాదు. దాని కింద రెండు గీతలు కూడా గీశాను. ఆరో పేజీలో ఒక ఉపాయం పెట్టాను. పేరు చెప్పకుండా రోగిని పట్టుకోవాలంటే, "ఈ మధ్య మందు వాడి ఇబ్బంది పడ్డవారు, ఈ వయసు వారు మీ ఇంట్లో ఉన్నారా" అని మామూలుగా అడగవచ్చు. ఏడో పేజీలో, మర్యాద కోసం, మొదలుపెట్టిన ఫోను మధ్యలో పెట్టేయరాదు అన్నాను. ఒక ఫోను ఒక ఇంటిదనీ, ఆ ఇంట్లో ముగ్గురో నలుగురో ఉంటారనీ అనుకొని రాసిన నియమాలు ఇవి. ఫారిన్‌వాడు అలా అనుకుంటే అర్థం ఉంది. చేవెళ్లలో పెరిగినవాణ్ని, నాకేం వచ్చిందో.

మా మేనత్త చేవెళ్ల బజారులో కుట్టు నేర్పేది. ముందు గదిలో నాలుగు మిషన్లు, వంతుల వారీగా పది పన్నెండు మంది ఆడపిల్లలు. ఎంకపల్లి నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది. బజారంతా ఆమెను కుట్టు టీచరమ్మ అనేవారు. మామయ్య పోయాక ఆమెకు తిండీ, పలకరింపూ రెండూ ఆ గదిలోంచే వచ్చేవి.

ఆమెకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. గోళీలు వేసుకుంటే రావు. ఆ గోళీలు పట్నం నుంచి నేను తెచ్చేవాణ్ని. గుండీల డబ్బాలో, గుండీల కింద దాచేది. ఇంట్లో వాళ్లం తప్ప ఎవరికీ తెలియదని మా నమ్మకం. ఫిట్స్ అంటే గాలి అనీ, ఎంగిలితో అంటుకుంటుందనీ అనేవాళ్లు బజారులో ఇంకా ఉన్నారు. తెలిస్తే ఏ తల్లీ తన పిల్లను ఆ గదికి పంపదు.

ఆ ఏడు డాక్టరు గోళీ మార్చాడు. పదో రోజున అత్తకు చేతుల మీద, మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. నోట్లో పుండ్లు. డాక్టరు చూసి వెంటనే ఆ గోళీ ఆపేసి వేరేది రాశాడు. ఇంకో వారం మింగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు. ఆమె తేరుకునేదాకా ఓపిక పట్టాను. తేరుకోగానే నాలోని ఉద్యోగి నిద్ర లేచాడు.

"అత్తా, దీన్ని రిపోర్టు చెయ్యాలె. నీకైనట్టు ఇంకొకలకు కావద్దు గదా" అన్నాను.

"చెయ్యి కొడుకా. మంది మంచికే గదా" అంది. మిషను ఆపి నా వైపు తిరిగింది. "గని నా పేరు బయటికి పోవద్దు. పిల్లల తల్లులకు తెలిసిందనుకో, నా మిషన్లు బందే."

"పేరా? మా ఆఫీసుల పేరు అనేటిదే ఉండదు. నేనే కొట్టేస్త."

"నువ్వా?" అని అత్త కళ్లద్దాల మీదుగా చూసింది. నాకు ఏడేళ్లప్పుడు, క్రిస్మస్ నాటకానికి ఆమె పదిహేను రోజులు తలుపేసుకొని కుట్టిన ముగ్గురు రాజుల అంగీల సంగతి నేను బడిలో గంట కొట్టేలోపే అందరికీ చెప్పేశాను. ఆ చూపులో ముగ్గురు రాజులూ కనిపించారు.

"ఇప్పుడు గట్ల కాదత్తా. ఇప్పుడు రూల్స్ ఉన్నయ్" అన్నాను.

సొంతవాళ్ల సంగతి ఆఫీసు కంప్యూటరు మీద నింపకూడదు. ఆదివారం మొయినాబాద్‌లో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. అక్కడి అతను ముందు రిజిస్టరులో నా పేరు, మా నాన్న పేరు, ఊరు, ఫోను నంబరు రాయించుకున్నాడు. తర్వాత నా భుజం మీదుగా వంగి, "ఏం ఫారమన్నా? పరీక్షదా?" అన్నాడు.

"కాదు తమ్మీ. జర రహస్యం."

"రహస్యమా! ముందుగాల చెప్పొద్దా? నాలుగో సిస్టమ్‌ల కూసో. దానికి పరదా ఉన్నది."

పరదా అంటే సగం దుప్పటి. దాని వెనక కూర్చొని అత్తను రెండు అక్షరాలు చేశాను. ఆడమనిషి, నలభై ఆరు. మందు, దద్దుర్లు, నోటి పుండ్లు, అన్నీ రాశాను. ఏ జబ్బుకు వాడారు అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. అది అత్త నోటితో చెప్పవలసిందని ఖాళీ వదిలేశాను. చివర రోగి ఫోను నంబరు అడిగింది. అది వదిలేసినా ఫారం పోతుంది. కానీ నంబరు లేని రిపోర్టులను చూసి ఆఫీసులో మూతి విరిచేది నేనే. నా సెల్లు పగలంతా ఆఫీసు లాకరులో ఉంటుంది, అదీ రహస్యాల కోసమే. పైగా రోగి బదులు ఇంకొకరు జవాబు చెప్పరాదని నాలుగో పేజీలో నేనే రాశాను. అందుకని అత్త పీపీ నంబరు ఇచ్చాను.

ఆ రోజుల్లో ఫోను లేనివాళ్లకు కూడా ఫోను నంబరు ఉండేది. ఎదురింటిదో, దుకాణానిదో రాసి పక్కన పీపీ అని పెట్టేవారు. ఆ రెండక్షరాలను విప్పితే ఏమొస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. జాతరలో పిల్లలు ఊదే పీపీ అనుకునేవాణ్ని; చేసే పని కూడా అదే. అత్తది ఎదురుగా ఉన్న కిరాణా సేటు నంబరు. ఎవరైనా ఫోను చేసి పేరు చెబితే సేటు మెట్టు మీదికి వచ్చి "టీచరమ్మా, ఫోనొచ్చిందీ..." అని ఒక్క కేక వేసేవాడు. ఎవరు, ఎందుకు అని ఏనాడూ అడగలేదు. రోజుకు పది మందిని అలా పిలిచేవాడు, బజారులో ఎవరూ తల తిప్పేవారు కాదు.

ఫారంలో ఆ గడి అంకెలు మాత్రమే తీసుకుంటానంది. పీపీ అని కొడితే ఎర్రబడింది. తీసేశాను. అక్షరాలు తీసేయడం నాకు అలవాటే.

మర్నాడు, ఇది మా బంధువుల కేసు, నేను వేలు పెట్టను అని సూపర్‌వైజరమ్మకు రాసిచ్చాను. ఆమె దాన్ని కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయికి నియమాలు నేర్పింది నేనే. పదకొండు పేజీలూ అప్పజెప్పగలిగిన మొదటి మనిషి. నేనే అప్పజెప్పలేను.

ఫోను రావడానికి నెల పట్టవచ్చని అత్తకు చెప్పాను. మూడో రోజునే, పొద్దున పదకొండింటికి, నాకు రెండు కుర్చీల అవతల ఆ అమ్మాయి హెడ్‌ఫోను పెట్టుకొని, "నమస్కారమండీ, ఆరోగ్య సమాచారం గురించి ఫోన్ చేస్తున్నానండీ" అంది. ఎవరి కేసో నాకు తెలియదు. అవతలి గొంతు మాత్రం హెడ్‌ఫోను దాటి నా దాకా వచ్చింది.

"ఎవలు గావాలమ్మా? పేరు జెప్పు, పిలుస్త."

"సారీ అండీ, పేరు చెప్పకూడదండీ."

"పేరు జెప్పకుంటె ఎట్ల పిలువాలె? ఏం పని?"

"అది కూడా చెప్పకూడదండీ. మీ ఇంట్లో నలభై ఆరేళ్ల ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?"

"నా ఇంట్ల ఒక్కతే ఉన్నది. యాభై రెండు."

నేను నవ్వాను. పాపం ఎవరో అనుకున్నాను. అమ్మాయి ఆరో పేజీకి వెళ్లింది. "ఈ మధ్య మందు వాడి ఇబ్బంది పడ్డవారు, నలభై ఆరేళ్లవారు..."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఏళ్ల తరబడి బజారును దాటించి పిలిచిన ఆ కేక.

"నలభై ఆరేండ్ల ఆడోల్లు ఎవలున్నరూ? గోలీలు మింగి తక్లీఫైనామెకు ఫోనొచ్చిందీ! పేరు జెప్తలేరూ! ఎవలామే?"

నా నవ్వు ఎక్కడ ఉన్నది అక్కడే ఆగింది. ఆ 'ఫోనొచ్చింది'ని నేను నిక్కర్ల కాలం నుంచి వింటున్నాను. లేచి అమ్మాయి దగ్గరికి పరుగెత్తాను. ఆమె మైకు మీద చెయ్యి పెట్టి, "సర్, పేరు చెప్పమంటున్నారు. ఉన్న రెండక్షరాలూ చెప్పనా?" అంది.

మొదటి పేజీ. రెండు గీతలు. చెప్పమంటే నా రూలు పోతుంది, చెప్పొద్దంటే మా అత్త పోతుంది.

"పెట్టెయ్" అన్నాను.

"మధ్యలో పెట్టేయకూడదని మీరే రాశారు సర్. ఏడో పేజీ."

ఇంతలో సూపర్‌వైజరమ్మ వచ్చింది. "నీది కాదు కదా ఆ కేసు?" అంది. కాదని రాసిచ్చిన కాగితం ఆమె బల్ల మీదే ఉంది. వెనక్కి వచ్చి కూర్చున్నాను. హెడ్‌ఫోనులోంచి బజారు వినిపిస్తోంది. "నాకు జరం గోలితోని కడుపుల మంటయితది, నా పేరు రాసుకొమ్మను." "నీకు నలభై ఆరు యాడున్నయే, అరువై దాటె." "తక్లీఫంటే దద్దుర్లా? మొన్న ఎవలకో లేసినయి గాదే?" మండే ఎండల్లో పొడుగు చేతుల జాకెట్టు వేసుకొని తిరిగిన మనిషి ఆ బజారులో మా అత్త ఒక్కతే.

అప్పుడు ఒక ఆడగొంతు, "తే ఇటు. ఆ ఫోను నాకే" అంది. ఆ తర్వాత నాకు ఇవతలి మాటలే వినిపించాయి.

"మీ పేరులో మొదటి అక్షరాలు చెప్పండి... కరెక్టేనండీ. ఎన్నో రోజుకు వచ్చాయండీ? పదో రోజుకా... చేతుల మీద, మెడ మీద... నోట్లో కూడానా... అయ్యో. మందు దేనికి వాడారండీ? తలనొప్పికా?"

మా అత్తకు జన్మలో తలనొప్పి లేదు. ఒంటి పూట సెలవు పెట్టాను.

చేవెళ్ల బస్సు ఆ మధ్యాహ్నం ప్రతి వెంచరు బోర్డు దగ్గరా ఆగింది. దిగేసరికి నేను వినాలనుకున్నది ఒక్కటే. బజారు మలుపు తిరగ్గానే వినిపించింది, నాలుగు మిషన్ల చప్పుడు. అత్త మెడలో టేపు వేసుకొని ఒక పిల్ల చేత కాజా విప్పిస్తోంది. నన్ను చూసి, "వచ్చినవా, పేర్లు కొట్టేసెటోడా" అంది. నన్ను రోడ్డు దాటించి సేటు దుకాణం వెనక గదిలోకి తీసుకుపోయింది.

అక్కడ బియ్యం బస్తా మీద సేటు భార్య, సేటమ్మ కూర్చొని ఉంది. ఈమె గురించి చెప్పాలి. ఎవరింట్లో ఏం కూర అన్నది ఉప్పు వేయకముందే బజారుకు చెప్పే మనిషి. చిన్నప్పుడు మేము ఆమెను చూస్తే దారి మార్చేవాళ్లం.

జరిగింది అత్త చెప్పింది. సేటు కేక విని ఆమె గుమ్మంలోకి వచ్చింది. దుకాణం ముందు కుట్టు నేర్చుకునే పిల్లల తల్లులు ఇద్దరు ఉన్నారు. అందరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. "అయిపాయె అనుకున్న. ఇగ రేపటికెల్లి గది ఊడ్సుకొని కూసోవాలె అనుకున్న. గంతల ఈమె బస్తాల ఎనుకకెల్లి వచ్చి ఫోను గుంజుకున్నది." అత్త దారపు ఉండ కొనడానికి వచ్చినట్టు పక్కన నిలబడింది. సేటమ్మ ఒక్కో ప్రశ్నను పైకి అంటే, పదో రోజు అన్నదానికి పది వేళ్లు చూపించింది. చేతులకు చెయ్యి, మెడకు టేపు.

"మరి ఫిట్స్ సంగతి మీకు..." అన్నాను.

సేటమ్మ గొంతు తగ్గించింది. ఆమెకు తగ్గే గొంతు ఒకటి ఉందని నాకు ఆరోజే తెలిసింది. "ఏడేండ్ల కింద ఈడనే పడ్డది, నా జాకెట్ కొలత తీసుకుంట. నా ఒళ్లె పండవెట్టుకున్న. మా పెద్దన్నకు ఉండె, నాకు తెల్వదా? లేసినంక 'ఎండకు కండ్లు తిరిగినయ్ వదినె' అన్నది. ఔ ఔ, ఎండనే అన్న."

"వానకాలముండె అప్పుడు" అంది అత్త. "ఈమెకు తెలుసని నాకు గియ్యాల్నే తెలిసింది."

"ఎవలకూ చెప్పలేదా మీరు? సేటుకు గూడ?" నా గొంతులో ఆశ్చర్యం ఉండకూడనంత ఉంది.

"ఆ ముచ్చట నాదా, చెప్పెటందుకు?" అని సేటమ్మ కొంగు దులుపుకుంది.

నా పదకొండు పేజీలు సంచిలో ఉన్నాయి. అత్తకు చూపించి నా తప్పేమీ లేదని చెబుదామని తెచ్చాను. సంచిని కొంచెం వెనక్కి జరిపాను.

అంతలో సేటు వచ్చాడు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. "అల్లుడూ, మీ ఆఫీసోల్లదట గదా ఫోను. నా పెండ్లాం దద్దుర్ల సంగతి మాదాపూర్‌ల తెలిసింది, నాకు తెల్వకపాయె! ఎట్ల తెలిసె?"

"చెప్పరాదు సేటూ. రూల్" అన్నాను. ఆ రూలు ఎవరికైనా పనికిరావడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆయన గల్లా దగ్గరికి వెళ్లిపోయాక ఒక ముల్లు మిగిలింది. ఫైలులో తలనొప్పి అని పడింది. ఆ గోళీ దేనికి వేసుకుంటే అలా అయిందో సరిగ్గా తెలియకపోతే ఆ రిపోర్టు ఎవరికీ పనికిరాదు. ఇది నోరు తెరిచి చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇంత జరిగాక ఇంకా ఫారం గురించి మాట్లాడేవాడు మనిషేనా? అయినా చెప్పాను.

అత్త చాలాసేపు టేపు చుట్టి విప్పి చుట్టింది. "కాజా వంకర వోతే పిల్లలతోని ఎన్నిసార్లు విప్పిస్త నేను" అంది. "ఫోనెక్కడున్నది?"

సేటమ్మ లేచి బయటికి వెళ్లింది. "శంకర్‌పల్లి కెల్లి చింతపండు బండి వచ్చిందట. మంచిది అయిపోకముందే చూసి రా పో" అని సేటును పంపించి, షట్టరు సగం దించింది. సగం షట్టరు అంటే లోపల అన్నం తింటున్నారని బజారుకు అర్థం, ఎవరూ రారు. తను ఆ షట్టరుకు అడ్డంగా పీట వేసుకొని కూర్చుంది.

నేను మా ఆఫీసు నంబరు నొక్కి ఇచ్చాను. అత్త ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "బిడ్డా, పొద్దుగాల చేసినవు గదా, గోలీల సంగతి. అండ్ల ఒకటి తప్పు రాసినవు. తలనొప్పి కాదు." ఆగింది. ఎదురుగా తన గదిలో మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. "ఫిట్స్. నాకు ఫిట్స్ ఉన్నయ్."

నేనైతే ఆ మాట ఆమె నోటి నుంచి అంత గట్టిగా ఎన్నడూ వినలేదు. ఇంట్లో కూడా 'అది' అనేది.

అవతల గుంటూరు అమ్మాయి రాసుకుంది. అంత శ్రద్ధగల అమ్మాయి కదా, వదలలేదు. "మరి పొద్దున మాట్లాడింది ఎవరండీ?"

అత్త పీట వైపు చూసింది. సేటమ్మ కంగారుగా చెయ్యి ఊపింది.

"పేరు జెప్పరాదు బిడ్డా" అంది అత్త.

ఆ పై వారం నేను నియమాలకు ఒక వాక్యం కలిపాను. ఫోను దుకాణానిది అయితే మనిషి పేరు ఒక్కటి చెప్పి పిలవమనాలి, ఇంకేమీ చెప్పరాదు. దుకాణం ఫోనులో రోగి ఎందుకుంటాడని ఫారిన్ హెడ్డాఫీసు నుంచి మూడు మెయిళ్లు వచ్చాయి. నేను జవాబు నాలుగు పేజీలు రాశాను. సూపర్‌వైజరమ్మ దాన్ని చదవకుండానే బాగుందంది.

అత్త గదిలో ఒక్క మిషనూ ఆగలేదు. దద్దుర్లు మాత్రం సేటమ్మవే అయ్యాయి. చాలా రోజులు ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకొని చూసి, "మచ్చ గూడ లేదు, అదృష్టమే" అనేవారు. ఆమె తలనొప్పికి తలా ఒక చిట్కా చెప్పేవారు. ఆమె అన్నీ ఓపికగా వినేది. ఇంకో బరువు కూడా ఆమె మీదే పడింది, దాన్ని మాత్రం ఇష్టంగానే మోసింది. కొన్నాళ్లకు రేషన్ కార్డుల వాళ్లు రాసుకోవడానికి వచ్చి వయసు అడిగారు. సేటు నోరు తెరవబోయాడు.

"నలభై ఆరు" అంది సేటమ్మ. "ఫోన్ల గూడ అదే వచ్చింది. కావాల్నంటే టీచరమ్మను అడుగుండ్రి."

అత్త అప్పుడు దారం కొంటోంది. తల ఎత్తకుండానే, "ఔ, నలభై ఆరే" అంది.